శ్రీహరికోట గుండుమల్లె

చెన్నపట్నం వెళ్ళే రైలులో గూడూరు, నాయుడుపేట దాటాక సూళ్ళూరుపేట వస్తుంది. శ్రీహరికోటకు పోవలసినవాళ్ళు అక్కడే దిగాలి. ఊరిని ఆనుకుని కాళంగి నది, ఆ ఒడ్డున చెంగాళమ్మ గుడి. రాత్రిళ్ళు కూడా తలుపు వేయని గుడి అది. రాకెట్టు ఎగరవేసే ముందు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు సైతం వచ్చి ఈ తల్లికి దణ్ణం పెట్టుకుని పోతారని ఆ ఊళ్ళో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఎవరి జాగ్రత్త వారిది.

ఊరు దాటి తూర్పుకు తిరిగితే ఇక పులికాట్ సరస్సే. చిలక సరస్సు తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. దాని నడుమనుంచే రోడ్డు. నేను వెళ్ళింది మార్గశిరంలో. వానలు వెనకపట్టి నాలుగు రోజులయింది. రెండువైపులా నీళ్ళు నిండుగా ఉన్నాయి. చాలా దూరాన ఎవరో గులాబీరంగు సుద్దతో గీత గీసినట్టు కనిపిస్తే ఏమిటా అనుకున్నాను. రాజహంసలు! తలలు కిందికి వంచి, ముక్కులు తిరగేసి, నీళ్ళు వడగట్టుకుని తింటున్నాయి. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి వాటివైపు కన్నెత్తి కూడా చూడలేదు. రోజూ చూసేవాడికి రాజహంస అయినా ఒకటే, కోడిపుంజయినా ఒకటే.

సరస్సుకూ సముద్రానికీ మధ్య సన్నగా పరుచుకున్న ఇసుక దీవి శ్రీహరికోట. మొన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఒకప్పుడు యానాదులు తేనె, వేళ్ళు, వంటచెరకు ఏరుకుని బతికిన అడవి. 1969లో రాకెట్టు కేంద్రానికి ఈ చోటు ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న ఇక్కడినుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. 2002లో కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2023 జూలై 14న చంద్రుడి మీదికి బయలుదేరింది కూడా ఈ ఇసుకమీదినుంచే. అనుమతి లేనివారిని గేటు దగ్గరే ఆపేస్తారు. ప్రయోగం ఉన్న రోజున ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు చూడడానికి గ్యాలరీ కట్టారు. నేను వెళ్ళిన వారంలో ప్రయోగం ఏదీ లేదు. కనుక రాకెట్టు సంగతులు ఆశించి ఈ వ్యాసం మొదలుపెట్టినవారు నన్ను మన్నించాలి. నేను చెప్పబోయేది ఒక మల్లెచెట్టు సంగతి.

మా అక్క కాపురం పాతికేళ్ళు ఆ దీవిలోనే సాగింది. బావ అక్కడ స్టోర్సులో రసాయనాల లెక్కలు చూసేవాడు. క్వార్టర్సు పెరట్లో ఆయన తల్లి, అంటే మా అక్క అత్తగారు, ఒక గుండుమల్లె నాటింది. ఆ ఇసుకలో ఏం బతుకుతుందని ఇరుగుపొరుగులు నవ్వారట. ఆవిడ పేడ ఎరువు, ఎండుటాకులు, బియ్యం కడిగిన నీళ్ళు పోసి పోసి దాన్ని పొద చేసింది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ చెట్టు పూలే రోజూ సాయంత్రం ఆవిడ ఫోటోకు వెళ్ళేవి.

బావ రిటైరయ్యాడు. క్వార్టర్సు ఖాళీ చేయాలి. మామిడిచెట్టునూ కొబ్బరిచెట్టునూ ఎవరు మోసుకురాగలరు? మల్లెను మాత్రం అక్క వదలలేదు. కొమ్మలు కత్తిరించి, చుట్టూ మన్నుతో సహా పెళ్ళగించి, గోనెసంచిలో చుట్టి, సామాను లారీలో తన పక్కనే పెట్టుకుని సూళ్ళూరుపేట తెచ్చింది. కొత్త ఇంటి డాబామీద పెద్ద సిమెంటు కుండీ. అందులో బలమైన చెరువు మన్ను. వేసవిలో బాగానే చిగిర్చింది. దీపావళి తర్వాత వానలు పట్టుకున్నాయి. నేను వెళ్ళేసరికి ఆకులు పచ్చబడి రాలుతున్నాయి, కొమ్మలు వేలాడుతున్నాయి. మన్ను తడిగానే ఉంది, ఆకులు మాత్రం దాహమన్నట్టు వాలిపోయాయి. అక్క ఇంకో చెంబు పోసింది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోనులో చెట్టును చూసి, ఒక వీడియో పంపించాడు. అందులో దొరసాని ఒకావిడ హైడ్రోజన్ పెరాక్సైడు ఒక పాలు, నీళ్ళు నాలుగు పాళ్ళు కలిపి కుండీలో పోస్తే మన్ను బుసబుస పొంగింది. వేళ్ళకు ప్రాణవాయువు అందుతుంది, కుళ్ళు చస్తుంది, చెట్టు లేచి కూచుంటుంది అని ఆవిడ సెలవిచ్చింది. అక్క వెంటనే మందుల షాపునుంచి పెద్ద సీసా తెప్పించింది. చదువరులందరూ ఎరిగిన వస్తువే అది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే కాంపౌండరు పోసేవాడు, తెల్లగా నురగ వచ్చేది, మనం కేకలు పెట్టేవాళ్ళం.

బావ సీసా చూశాడు. చూసి, "దీన్ని కిందికి దించు" అన్నాడు.

"ఏం, బాంబా?" అంది అక్క.

"ఆ జాతి సరుకులతో ముప్ఫై ఏళ్ళు వేగినాను. మా అమ్మ చెట్టుకు పోయనిచ్చేది లేదు."

"మీ అమ్మ చెట్టు ఎట్టా చస్తా ఉందో చూడండి మరి!"

ఆ మాటతో ఆయన మేడ దిగి వెళ్ళిపోయాడు. రెండు రోజులు సీసా మెట్లమీద ఉంది. దాన్ని దాటుకుని అందరం తిరిగాం. భోజనాల దగ్గర పప్పు అడగవలసి వచ్చినా నాద్వారానే అడుగుకున్నారు. ఒరే తమ్ముడూ, మీ బావకు చారు కావాలేమో అడుగు. ఏమయ్యా, మీ అక్కను చాలని చెప్పు. నేను నవ్వలేను, నవ్వకుండా ఉండలేను.

బావ పంతానికి కారణం నాకు తర్వాత సరస్సు రోడ్డుమీద నడుస్తుండగా తెలిసింది. రాకెట్టు సంగతి వద్దన్నాను గానీ, ఇక్కడ కొంచెం తప్పదు. పొయ్యికి గాలి కావాలి. ఆకాశంపైన గాలి ఉండదు గనుక రాకెట్టు తన ప్రాణవాయువును తనే మూట కట్టుకుపోవాలి. ఆ మూటకట్టే సరుకులు చాలా రకాలు. శ్రీహరికోటలో గట్టి ఇంధనంలో కలిపేది అమ్మోనియం పెర్‌క్లోరేటు అనే తెల్లని పొడి. పెద్ద రాకెట్ల పైదశలో వాడేది 183 డిగ్రీల చలిలో, అంటే సున్నకు అంత దిగువన, ద్రవంగా మార్చిన ప్రాణవాయువు. హైడ్రోజన్ పెరాక్సైడూ ఈ వంశంలోదే. 1818లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు తెనార్ దీన్ని కనిపెట్టాడు. నీటికి ఒక ప్రాణవాయువు పరమాణువు అదనంగా తగిలిస్తే వచ్చే పదార్థం ఇది. ఆ అదనపుది ఎప్పుడెప్పుడు ఊడిపోదామా అని చూస్తుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీవాళ్ళ వి-2 రాకెట్టులో ఇంధనపు పంపులను తిప్పింది దీని ఆవిరే. మనుషులను ఆకాశానికి మోసే రష్యావాళ్ళ సోయుజ్‌లో ఈనాటికీ పంపులకు ఇదే. మన దీవినుంచి మొదటి రాకెట్టు లేచిన 1971 అక్టోబరులోనే, 28వ తేదీన, ఇంగ్లండువాళ్ళు ఆస్ట్రేలియా ఎడారినుంచి బ్లాక్ ఆరో అనే రాకెట్టుతో ఉపగ్రహాన్ని పంపారు. అందులో కిరసనాయిలును మండించింది నూటికి 85 పాళ్ళ పెరాక్సైడు. అదే సరుకు 2000 సంవత్సరం ఆగస్టులో కర్స్క్ అనే రష్యా జలాంతర్గామిలో టార్పెడోనుంచి కారి పేలడంతో 118 మంది నావికులు పోయారు.

"మందుల షాపు సీసా అంత పాడుదా బావా?" అన్నాను.

"కాదు. నేను భయపడేది సీసాకు కాదయ్యా, లెక్క చూడకుండా పోసేవాళ్ళకు. 1979 ఆగస్టు 10న మా ఎస్సెల్వీ మొదటిది ఎందుకు పడిందో తెలుసునా? రెండో దశ అదుపు చేసే చోట నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. 317 సెకన్లలో సముద్రంలో. అప్పటికి నేను ఉద్యోగంలో చేరలేదు గానీ, చేరిన మొదటి వారమే ఆ కథ చెప్పినారు. మళ్ళీ 1980 జూలై 18న లేచి నిలబడింది, అది వేరే సంగతి. కొలత, సీసా, మూత. ఈ మూడూ చూడమనే మా ఉద్యోగం."

ఇంటికి రాగానే ఆయన అద్దాలు పెట్టుకుని, మెట్లమీది సీసా తీసి, చీటీ చదివాడు. అప్పుడు బయటపడింది అసలు కిటుకు. దాన్ని ఈ పత్రిక చదివే ప్రతి గృహిణీ గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. మన మందుల షాపుల్లో దొరికే సీసా మీద సాధారణంగా '20 వాల్యూములు' అని ఉంటుంది. ఒక చెంచా మందునుంచి ఇరవై చెంచాల ప్రాణవాయువు ఊరుతుందని దాని అర్థం. అంటే సుమారు నూటికి ఆరు పాళ్ళ మందు. అమెరికా ఇళ్ళలో ఉండేది నూటికి మూడు పాళ్ళది. ఆ వీడియోలోని దొరసాని పాళ్ళు ఆవిడ సీసాకు సరిపోతాయి, మా అక్క సీసాకు రెట్టింపవుతాయి. ఆవిడ ఒకటికి నాలుగు కలిపితే వచ్చే పలచదనం రావాలంటే మనం ఒకటికి తొమ్మిది కలపాలి. బావ ఈ లెక్క పాల పాకెట్ల క్యాలెండరు వెనక పెన్సిలుతో వేశాడు. ఇక నూటికి ముప్ఫై, యాభై పాళ్ళ పారిశ్రామికపు సరుకు డబ్బాల్లో చవకగా అమ్ముతున్నారు. అది ఒంటిమీద పడితే చర్మం తెల్లగా కాలుతుంది, కంట్లో పడితే కన్ను పోవచ్చు. మొక్కల కోసమని దాన్ని ఇంటికి తేకండి.

అక్క క్యాలెండరు చూసింది. "అయితే తొమ్మిది చెంబులు కలుపుతా. పోయనా?" అంది. రెండు రోజుల తర్వాత భర్తతో నేరుగా ఆడిన మొదటి మాట అది.

"పొయ్యి. కానీ ఎంత ప్రాణవాయువు వస్తుందో చెబుతా విను. లీటరు నీళ్ళకు రెండు లీటర్లు. పది లీటర్ల గాలిలో ఉండేంత. అందులో సగానికి సగం బుడగలై అప్పుడే పైకి పోతుంది. రేపు మళ్ళీ వేళ్ళు ఏం పీల్చుకుంటాయి?"

ఆ మాట నాకు పట్టుకుంది. వేళ్ళకూ ఊపిరి కావాలి. మన్ను రేణువుల సందులలో ఉండే గాలినే అవి పీలుస్తాయి. ఆ సందులు నీళ్ళతో నిండితే గాలిలో కన్నా పదివేల రెట్లు నెమ్మదిగా ప్రాణవాయువు వేరును చేరుతుంది. వేరు ఉక్కిరిబిక్కిరై చస్తుంది, చచ్చిన వేరుమీద కుళ్ళు బూజు చేరుతుంది. వేరు లేని చెట్టు నీళ్ళలో నిలబడి దాహంతో వాడిపోతుంది. అక్క చెట్టుకు వచ్చిన జబ్బు ఇదే. ఆ మల్లె పుట్టి పెరిగింది శ్రీహరికోట ఇసుకలో. ఎంత వాన పడినా అరగంటలో నీరు దిగిపోయే నేల అది. అలాంటి వేళ్ళను తెచ్చి, చేతికి అంటుకుంటే వదలని చెరువు మన్నులో కూర్చోబెట్టి, కార్తీకపు వానలో వదిలారు. అందరూ ఇసుకను పేదనేల అంటారు గానీ, ఆ పేదనేలే దానికి పుట్టిల్లు.

మర్నాడు పొద్దున ముగ్గురం కలిసి కుండీ పక్కకు వాల్చాం. అడుగు బెజ్జం గచ్చుకు ఆనుకుని పూర్తిగా మూసుకుపోయి ఉంది. లోపలినుంచి మురుగు వాసన. మన్ను కడిగి చూస్తే సగం వేళ్ళు గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే తడి కాగితంలా తొక్క ఊడివచ్చాయి. లోపల నడుమన మాత్రం తెల్లని వేళ్ళు గట్టిగా ఉన్నాయి. వాటి మధ్య పిడికెడు తెల్లని ఇసుక ఇంకా అంటుకునే ఉంది. క్వార్టర్సు పెరటి ఇసుక. బావ దాన్ని అలాగే ఉంచమన్నాడు.

కుళ్ళిన వేళ్ళు కత్తెరతో తీసేశాం. కత్తెరను, కుండీని కడిగి, సీసాలోని మందుకు సమానంగా నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడిగాం. ఈ పనికి ఈ మందు నిజంగా బాగుంటుంది. వాసన ఉండదు, చివరికి మిగిలేది నీళ్ళూ ప్రాణవాయువూ మాత్రమే. పెద్ద పెద్ద గాజుతోటల వాళ్ళు నీటి గొట్టాల్లో పట్టిన పాచిని దీని కలయికలతోనే వదిలిస్తారు. తర్వాత ఒకటికి తొమ్మిది కలిపిన నీళ్ళు, అక్క ముచ్చట తీర్చడానికి, మిగిలిన వేళ్ళమీద ఒక్కసారి పోశాం. బుసబుసమంది. వేళ్ళలోనూ మన్నులోని సూక్ష్మజీవులలోనూ ఉండే కాటలేజ్ అనే పదార్థం దీన్ని క్షణాల్లో విరగ్గొట్టడం వల్ల వచ్చే నురగ అది. మందు పనిచేస్తున్నదనడానికి అది గుర్తు కాదు, మందు అయిపోతున్నదనడానికి గుర్తు.

కొత్త మన్ను సగం ఇసుక, పావు కొబ్బరిపొట్టు, పావు మాగిన పేడ ఎరువు. బెజ్జంమీద కుండపెంకు బోర్లించి, కుండీ కింద మూడు ఇటుకలు పెట్టి గచ్చునుంచి ఎత్తాం. కొమ్మలు సగానికి కత్తిరించి నీడకు జరిపాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర చారు నేరుగానే అడిగాడు బావ.

ఈ పెరాక్సైడు వైద్యాన్ని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. జిగట నేలలలో బిందుసేద్యపు నీటిలో దీన్ని కలిపి ఆస్ట్రేలియాలో పరిశోధనలు చేశారు. జపానులో దమ్ము చేసిన మడిలో నేరుగా విత్తే వరిగింజలకు దీని దగ్గరి చుట్టమైన కాల్షియం పెరాక్సైడును పూతగా పూశారు. బురదలో మునిగిన గింజకు మొలకెత్తే దాకా ప్రాణవాయువు కొద్దికొద్దిగా అందుతుంది. మొలగొలుకులు పండించిన నెల్లూరు రైతు వింటే దమ్ములో గింజకు ఊపిరేమిటని నవ్వుతాడేమో! కుండీ మన్నుమీద ముసిరే చిన్న నల్లదోమల పురుగులు కూడా ఈ నీళ్ళు తగిలితే చస్తాయి. అయితే చచ్చేవాటిలో మంచివీ చెడ్డవీ అని ఈ మందు విడదీయదు. వేరుకుళ్ళుకు వ్యవసాయశాఖవారు చెప్పే ట్రైకోడెర్మా ఒక బతికున్న బూజు. పొద్దున అది వేసి సాయంత్రం ఇది పోస్తే డబ్బు పెట్టి తెచ్చినదాన్ని మనమే చంపినట్టు. నడుమ వారం ఎడం ఇవ్వాలి. సూళ్ళూరుపేట బోరునీళ్ళతో కుండీ అంచున పేరుకునే తెల్లని ఉప్పుకు ఇది ఏమీ చేయలేదు. దానికి వాననీళ్ళే పట్టి పోయాలి.

నేను వచ్చేసిన రెండు నెలలకు అక్క ఫోను చేసింది. మోడుమీద నాలుగు చిగుళ్ళు వచ్చాయట. మందు పోయబట్టి అని అక్క, ఇటుకలు పెట్టబట్టి అని బావ. రెండూ ఒకే పూట చేశాం గనుక తీర్పు చెప్పడం ఎవరి తరమూ కాదు. అడిగితే నా ఓటు ఇటుకలకు. ఈ మాట మా అక్క చదవదని నా నమ్మకం. ఆవిడ ఈ పత్రికలో సీరియల్ తప్ప ఇంకోటి ముట్టదు.

మిగిలిన మందు సీసాను బావ తన పద్ధతిలో భద్రం చేశాడు. గోధుమరంగు సీసాలోనే, ఎండ తగలని అలమరలో, పిల్లలకు అందని ఎత్తున, మూత తీసిన తేదీ రాసి. వేరే సీసాలోకి, ముఖ్యంగా లోహపు పాత్రలోకి మార్చకూడదన్నాడు. వెనిగరుతోగాని, బ్లీచింగు నీళ్ళతోగాని కలపకూడదన్నాడు. మూత తీసిన తర్వాత ఇది నెలల తరబడిలో మెల్లగా ఉత్త నీరవుతుంది. ఇంకా ప్రాణం ఉందా లేదా అని అనుమానం వస్తే పచ్చి బంగాళాదుంప ముక్క కోసి, దానిమీద నాలుగు చుక్కలు వేసి చూడవచ్చు. నురగ వస్తే ఉన్నట్టు. రాకపోతే ఆ నీళ్ళు ఏ మొక్కకు పోసినా ఒకటే.